గద్వాల జిల్లాలో పెద్దవాళ్ళు పదో తరగతి పాసవ్వడం: ఓపెన్ స్కూల్ గురించి తెలిసినవాళ్ళు చెప్పండి

నడిగడ్డ బిడ్డ
అందరికీ నమస్తే. మాది గట్టు వైపు ఊరు, నేను హైదరాబాద్‌లో పనిచేస్తున్నాను. మా వదినకు 34 ఏళ్ళు. ఏడో తరగతితో బడి ఆగిపోయింది. మొన్న ఊరికి పోయినప్పుడు "నేను ఇప్పుడు పది రాయొచ్చా?" అని అడిగింది. మా ఇంట్లో అందరికంటే చురుకైన మనిషి ఆమే. సీడు పత్తికి (విత్తనం కోసం వేసే పత్తి) ఆర్గనైజర్ (విత్తన కంపెనీకీ రైతుకీ మధ్య మనిషి) దగ్గర తెచ్చిన అడ్వాన్సు ఎంత, దాని మీద వడ్డీ ఎంత, చివరికి చేతికొచ్చేది ఎంత, అన్నీ కాగితం లేకుండా చెప్పేస్తుంది.

ఆమె అడిగాక మా ఊళ్ళో 30 నుంచి 45 ఏళ్ళ మధ్యవాళ్ళలో ఎవరెవరు పది పాసయ్యారా అని తలచుకుంటూ పోయాను. పాసైనవాళ్ళలో దాదాపు అందరూ ఊరు విడిచిపెట్టారు. ఊళ్ళోనే ఉన్నవాళ్ళలో మగవాళ్ళు కొద్దిమంది, ఆడవాళ్ళయితే వెతుక్కోవాల్సిందే. 2011 జనాభా లెక్కల ప్రకారం ఇప్పటి గద్వాల జిల్లా పరిధిలో అక్షరాస్యత 50 శాతం కూడా లేదు, రాష్ట్రంలోనే అట్టడుగు. ఆ మాట ప్రతి మీటింగులో వినబడుతుంది. పెద్దవాళ్ళలో పది పాసైనవాళ్ళు ఎంతమంది అని మాత్రం ఎవరూ అడగరు.

ఓపెన్ స్కూల్లో కట్టాలంటే ఏం కావాలి, ఇంటిపని, చేనుపని చూసుకుంటూ పాసవ్వడం అయ్యే పనేనా, తెలిసినవాళ్ళు చెప్పండి.

తుంగభద్ర ఒడ్డు
మా అక్కది కూడా ఇదే పరిస్థితి అన్నా. చూస్తూ ఉంటాను.

పాత బడి సార్
నేను ఈ ప్రాంతంలోనే చాలాకాలం పనిచేసి రిటైరయ్యాను. మీ వదిన సరిగ్గా ఏడు దగ్గరే ఆగిపోయిందంటే దానికి కారణాలున్నాయి. అప్పట్లో చాలా ఊళ్ళలో ఏడు వరకే ఉండేది. ఎనిమిదికి మండల కేంద్రానికో, పక్కనున్న పెద్ద ఊరికో పోవాలి. మగపిల్లాడు సైకిలెక్కి పోయేవాడు. ఆడపిల్లను పంపడానికి ఇంట్లో ఒప్పుకునేవారు కాదు.

దానికి తోడు సీడు పత్తి. ఈ ప్రాంతం కానివాళ్ళ కోసం కాస్త వివరంగా చెబుతాను. హైబ్రిడ్ పత్తి విత్తనం చేలో దానంతటదే తయారు కాదు. సాయంత్రం పూట ఆడ మొక్క మీద మర్నాడు విచ్చుకోబోయే మొగ్గలను ఒక్కొక్కటిగా పట్టుకుని, పై రేకులు, లోపలి పుప్పొడి తిత్తులు గోటితో గిల్లేయాలి. నడుమ ఉన్న కాడకు దెబ్బ తగలకూడదు. మర్నాడు పొద్దున మగ పూలు కోసుకొచ్చి ఆ కాడ మీద రుద్దాలి. దీన్నే క్రాసింగ్ అంటారు. పూత ఉన్నన్నాళ్ళూ రోజూ ఇదే పని. పిల్లల వేళ్ళు సన్నగా ఉంటాయి, నడుం వంచకుండానే మొగ్గ అందుతుంది, కూలి తక్కువ. అందుకని పిల్లలనే పెట్టేవారు, అందులోనూ ఎక్కువగా ఆడపిల్లలను. వానాకాలం పూత వచ్చే రోజులూ, బడిలో పాఠాలు ఊపందుకునే రోజులూ ఒకటే. రెండు నెలలు చేలో ఉండి తిరిగొచ్చిన పిల్లకు లెక్కల్లో ఏం జరుగుతోందో అర్థం కాదు. చదువులో వెనకబడ్డానన్న సిగ్గుతో మెల్లగా రావడం మానేస్తుంది. హాజరు పట్టీలో ఆ పేర్ల ఎదుట వరసగా ఆబ్సెంట్లు పడుతుంటే చూస్తూ కూర్చున్న మాస్టర్లలో నేనొకడిని. ఇళ్ళకు పోయి అడిగితే "అడ్వాన్సు తీసుకున్నం సార్" అనేవారు. దానికి మా దగ్గర జవాబు ఉండేది కాదు.

విద్యాహక్కు చట్టం 2010 ఏప్రిల్ నుంచి అమల్లోకి వచ్చింది. అది 6 నుంచి 14 ఏళ్ళ పిల్లలకు. అప్పటికే బడి దాటిపోయినవాళ్ళకు అందులో ఏమీ లేదు. ఇవాళ 30, 40 ఏళ్ళ వయసున్న తరం మొత్తం ఆ గీతకు ఇవతలే మిగిలిపోయింది. ఓపెన్ స్కూల్ వివరాలు రాత్రికి రాస్తాను.

జగిత్యాల టు షార్జా
మాది గద్వాల కాదు గానీ ఈ విషయంలో ఒక మాట చెప్పాలి. పది పాసు కాకపోతే ఏం పోతుందో గల్ఫ్‌కు పోయేవాళ్ళను అడగండి. పది పాసైన సర్టిఫికెట్ పెడితే పాస్‌పోర్టు ఈసీఆర్ (ఎమిగ్రేషన్ చెక్ రిక్వైర్డ్) ముద్ర లేకుండా వస్తుంది. లేకపోతే ఈసీఆర్ పడుతుంది. అంటే సౌదీ, యూఏఈ, కువైట్, ఖతార్, ఒమన్, బహ్రెయిన్ లాంటి 18 దేశాలకు పనికి పోవాలంటే ముందు ఎమిగ్రేషన్ క్లియరెన్స్ తెచ్చుకోవాలి. ఆ నిబంధన మన రక్షణ కోసమే పెట్టారు, కాదనను. కానీ ఆ క్లియరెన్స్ కాగితం చుట్టూనే ఏజెంట్లు తిరుగుతుంటారు. కొందరు "ఎందుకన్నా తిప్పలు" అని విజిట్ వీసా మీద పంపిస్తారు. అలా పోయినవాళ్ళకు అక్కడ ఏమైనా జరిగితే చెప్పుకోవడానికి కాంట్రాక్టు ఉండదు, ఇన్సూరెన్సు ఉండదు.

నేను తొమ్మిదితో ఆపాను. మొదటిసారి ఈసీఆర్ మీదే వచ్చాను. మూడేళ్ళకు పైగా బయట పనిచేశాక అది తీయించుకునే వీలుంది, అట్లనే తీయించుకున్నా. నా తమ్ముడిని మాత్రం ఓపెన్‌లో పది రాయించాకే పాస్‌పోర్టుకు పంపాను.

సూటిగా అడుగుతా
ఎవరినీ నొప్పించాలని కాదు, నిజంగానే అడుగుతున్నాను. మా ఊళ్ళో డిగ్రీ చేసిన పిల్లలే పని దొరక్క ఆటో నడుపుతున్నారు. 34 ఏళ్ళ ఆవిడ, ఇద్దరు పిల్లలు, చేనుపని. ఇప్పుడు పది పాసైతే ఆమెకు వచ్చేదేంటి? రాత్రిళ్ళు నిద్ర పాడు చేసుకుని, పరీక్ష ఫీజులు కట్టి, చివరికి ఆ కాగితం బీరువాలో పెట్టుకోవడమేనా? ఆ డబ్బూ శ్రమా పిల్లల చదువు మీద పెట్టొచ్చు కదా. డ్రైవింగ్ లైసెన్సుకు కూడా ఇప్పుడు చదువు అడగట్లేదు. రవాణా వాహనాలకు ఎనిమిదో తరగతి పాసై ఉండాలన్న నిబంధనను 2019లో తీసేశారు.

సంఘం అక్క
@సూటిగా అడుగుతా, మీరు అడిగింది న్యాయమైన ప్రశ్నే తమ్ముడూ. నా మటుకు నేను జవాబు చెబుతాను.

నేను మహిళా సంఘాల్లో పుస్తకాలు రాస్తాను. ఆరో తరగతితో ఆపినదాన్ని. పెళ్ళయ్యాక, రెండో బిడ్డ బడికి పోవడం మొదలయ్యాక ఓపెన్‌లో పది పాసయ్యాను. ముందు సంఘంలో నేను సభ్యురాలిని మాత్రమే. మీటింగులో తీర్మానం రాయాలంటే పక్క వీధి అబ్బాయిని పిలిచేవాళ్ళం. అతను ఏం రాస్తే దాని కింద పది మందిమి సంతకాలు పెట్టేవాళ్ళం. రాత్రిపూట పెట్టిన అక్షరాస్యత తరగతుల్లో నేర్పింది ఆ సంతకమే. దాన్ని నేను తక్కువ చేయను. నెల్లూరు జిల్లాలో ఆ రాత్రి బడుల్లో కూర్చున్న ఆడవాళ్ళే దూబగుంటలో మొదలుపెట్టి సారాను ఆపించారు, ఆ ఉద్యమాన్ని నడిపిన రోశమ్మ పేరు ఇప్పటికీ చెప్పుకుంటాం. కానీ సంతకం వచ్చినంత మాత్రాన పైన ఏం రాశారో చదవగలిగినట్టు కాదు.

ఒకసారి లోను కాగితాలు వచ్చాయి. అందులో ఇన్సూరెన్సు కోసం డబ్బు పట్టుకున్నట్టు ఒక లైను ఉంది. అది ఎవరూ మాకు చెప్పలేదు. పది చదువుకునే రోజుల్లో నాకు నెమ్మదిగా, వేలు పెట్టుకుంటూ చదవడం అలవాటైంది. అట్లనే చదువుతూ ఆ లైను దగ్గర ఆగి "సార్, ఇదేంటి?" అని అడిగాను. కౌంటర్‌లో ఆయన నా ముఖం చూసి, మళ్ళీ కాగితం చూసి, మొత్తం వివరంగా చెప్పాడు. అప్పటిదాకా మాకెవరూ ఏదీ వివరించలేదు. ఆ మీటింగు తర్వాతే పుస్తకాలు నన్ను రాయమన్నారు. నెలకు వచ్చేది పెద్ద మొత్తం కాదు, అయినా అది నా పేరు మీద వస్తుంది.

పిల్లల చదువు సంగతి. మా బిడ్డ ఎనిమిదిలో ఉన్నప్పుడు ఇద్దరం ఒకే లైటు కింద కూర్చునేవాళ్ళం. ఆమె హోంవర్కు, నా హోమ్ సైన్స్. ఆమెను బడి మాన్పించి కూలికి తీసుకుపోదామని మా ఇంట్లో మళ్ళీ ఎవరూ అనలేదు. తల్లి చదివితే బిడ్డ చదువు దెబ్బ తింటుందని అనుకోకండి.

పాలమూరు మేస్త్రి
అక్క చెప్పింది నిజం. నేను పుణెలో, ముంబైలో సెంట్రింగ్ పని చేశాను. సూపర్‌వైజర్ పోస్టు ఖాళీ అయితే కంపెనీవాళ్ళు మొదట అడిగేది "టెన్త్ పాసా?" అని. పని ఎవరికి వచ్చో వాళ్ళకు తెలుసు, అయినా ఫైల్లో పెట్టడానికి కాగితం కావాలంటారు. మా దగ్గర పని నేర్చుకున్న పిల్లోడు మా మీద సూపర్‌వైజర్ అయ్యాడు. వాడి మీద నాకు కోపం లేదు.

కొండల కెంటకీ నుంచి
వనపర్తి దగ్గర పుట్టి, ఇప్పుడు అమెరికాలో తూర్పు కెంటకీలో ఒక చిన్న కౌంటీ (మన జిల్లా లాంటిది) ఆస్పత్రిలో పనిచేస్తున్నాను. ఈ చర్చ చదువుతుంటే మా పేషెంట్లే గుర్తొచ్చారు. అమెరికా అనగానే అందరూ చదువుకున్నవాళ్ళే అనుకుంటాం. 1990 జనాభా లెక్కల్లో 25 ఏళ్ళు దాటినవాళ్ళలో హైస్కూలు పూర్తిచేసినవాళ్ళు దేశం మొత్తం మీద 75 శాతం, కెంటకీలో 65 శాతం లోపే. ఇక్కడి కొండ కౌంటీలు అంతకంటే చాలా వెనక. అందుకు పెద్ద కారణం బొగ్గు. పదహారేళ్ళకు బడి మానేసి గనిలో చేరితే మంచి జీతం వచ్చేది, సర్టిఫికెట్ అడిగేవారు కాదు. గనులు వరసగా మూతపడ్డాక నలభై ఏళ్ళ మనిషి ఏ ఉద్యోగానికి పోయినా ముందు హైస్కూలు డిప్లొమా అడగడం మొదలుపెట్టారు. మన దగ్గర సీడు పత్తి పిల్లలను బడి మాన్పించినట్టే ఇక్కడ గని మాన్పించింది. తేడా ఏంటంటే ఇక్కడ కూలి బాగా ఇచ్చారు.

వీళ్ళు చేసిన మంచి పని కూడా చెప్పాలి. 1911లో రోవన్ కౌంటీలో కోరా విల్సన్ స్టూవర్ట్ అనే ఆవిడ కౌంటీ బళ్ళకు సూపరింటెండెంట్. పగలంతా పొలాల్లో ఉండే పెద్దవాళ్ళ కోసం రాత్రిపూట బళ్ళు తెరిచారు. దారులు బాగుండవు కాబట్టి వెన్నెల రాత్రులు చూసి పెట్టారు. 150 మంది వస్తారేమో అనుకుంటే మొదటి రాత్రి 1200 మంది వచ్చారు. 18 ఏళ్ళవాళ్ళ నుంచి 86 ఏళ్ళ ముసలివాళ్ళ దాకా ఉన్నారట. పెద్దవాళ్ళకు చదువు మీద ఆసక్తి లేదని ఎవరైనా అంటే నేను ఆ రాత్రి సంగతే చెబుతాను.

ఇప్పుడిక్కడ హైస్కూలు డిప్లొమాకు సమానమైన జీఈడీ అనే పరీక్ష ఉంది. 1942లో, యుద్ధానికి పోయి చదువు ఆగిపోయిన సైనికుల కోసం మొదలుపెట్టారు. లెక్కలు, భాష, సైన్సు, సోషల్, మొత్తం నాలుగు పేపర్లు. ఒక్కోదానిలో 200కు 145 రావాలి. ఒక పేపరు పోతే అదొక్కటే మళ్ళీ రాసుకోవచ్చు. మా ఆస్పత్రిలో ఊడ్చే పని చేసే ఒకావిడ మూడు పేపర్లు పాసై లెక్కల దగ్గర ఆగింది. మధ్యాహ్నం అన్నం తిన్నాక మాలో ఎవరో ఒకరం ఆమెతో భిన్నాలు చేయిస్తుంటాం.

పాత బడి సార్
డాక్టర్ గారూ, వెన్నెల బడుల సంగతి చెప్పినందుకు ధన్యవాదాలు.

ఇప్పుడు ఓపెన్ స్కూల్ వివరాలు. తెలంగాణ ఓపెన్ స్కూల్ సొసైటీలో పదో తరగతికి 14 ఏళ్ళు నిండితే చాలు, పై వయసుకు పరిమితి లేదు. మధ్యలో బడి మానేసినవాళ్ళు పాత టీసీ గానీ రికార్డు షీట్ (చదివిన తరగతి, పుట్టిన తేదీ రాసి బడి ఇచ్చే కాగితం) గానీ పెట్టాలి. అసలు బడికే పోనివాళ్ళు చదవడం రాయడం వచ్చని సొంతంగా రాసిచ్చి, పుట్టిన తేదీకి ఆధారం చూపిస్తే సరిపోతుంది. ఐదు సబ్జెక్టులు తీసుకోవాలి, అందులో కనీసం ఒక భాష ఉండాలి. ఒక్కోదాంట్లో 100కు 35 వస్తే పాసు. పరీక్షలు ఏడాదికి రెండుసార్లు జరుగుతాయి. పాసైన సబ్జెక్టు మళ్ళీ రాయక్కర్లేదు, ఒకసారి చేరితే ఐదేళ్ళ పాటు మిగిలినవి రాసుకుంటూ పోవచ్చు. అధ్యయన కేంద్రాలు ఎక్కువగా ప్రభుత్వ హైస్కూళ్ళలోనే ఉంటాయి, తరగతులు ఆదివారాలు, సెలవు రోజుల్లో పెడతారు. ఆడవాళ్ళకు, ఎస్సీ, ఎస్టీ అభ్యర్థులకు ఫీజులో రాయితీ ఉంది. వచ్చిన సర్టిఫికెట్ మామూలు పదో తరగతితో సమానం.

చాలామందికి తెలియని విషయం ఒకటుంది. ఇక్కడ లెక్కలు తప్పనిసరి కాదు. సోషల్, హోమ్ సైన్స్, ఎకనామిక్స్ లాంటివి తీసుకోవచ్చు. లెక్కలంటే గుండె దడ ఉన్నవాళ్ళకు ఇది పెద్ద వెసులుబాటు.

తుంగభద్ర ఒడ్డు
సార్, లెక్కలు అక్కర్లేదా! మా అక్క ఈ ఒక్క మాటకే ఒప్పుకుంటుంది. ఆమె టెన్షనంతా అదే.

సంఘం అక్క
తమ్ముడూ, తొందరపడి లెక్కలు వదిలేయించకు. నేను లెక్కలు లేకుండానే పాసయ్యాను. తర్వాత తపాలా శాఖవాళ్ళు గ్రామీణ డాక్ సేవక్ పోస్టులు వేశారు. మా ఊరి పోస్టాఫీసే. చూస్తే పదిలో లెక్కలు, ఇంగ్లీషు పాసై ఉండాలని ఉంది. నాకు రెండూ లేవు. ఆ రోజు నాకు కలిగిన బాధ ఇంకెవరికీ రాకూడదని చెబుతున్నాను.

పాత బడి సార్
అమ్మ చెప్పింది అక్షరాలా నిజం, నా వివరాల్లో అది కూడా చేర్చుకోండి. పాలిటెక్నిక్‌కు పోవాలన్నా పదిలో లెక్కలు ఉండాలి. కాబట్టి సర్టిఫికెట్ ఎందుకో ముందు తేల్చుకోవాలి. పాస్‌పోర్టుకైతే ఏ ఐదైనా సరే. పోస్టాఫీసు మీద ఆశ ఉంటే లెక్కలు, ఇంగ్లీషు పెట్టుకోవాలి. మీ వదిన గారికి 34 అంటున్నారు, డాక్ సేవక్‌కు జనరల్ అభ్యర్థులకు 40 దాకా అవకాశం ఉంది. అడ్వాన్సుకు వడ్డీ నోటిమీద కట్టే మనిషికి పదో తరగతి లెక్కల్లో 35 రావడం కష్టం కాదు. ఆమెకు రానిది బీజగణితంలో ఆ అక్షరాల రాత మాత్రమే, అది కూర్చోబెట్టి చెబితే వస్తుంది.

ఒక అభ్యర్థి
నాకో సందేహం. మాకు తెలిసిన ఒకతను, ఇంత డబ్బు కడితే పాస్ గ్యారంటీ, తరగతులకు రానక్కర్లేదు, పరీక్ష హాల్లో కూడా చూసుకుంటాం అంటున్నాడు. ఊళ్ళో కొందరు కట్టారు కూడా. ఏం చేయమంటారు?

జగిత్యాల టు షార్జా
కట్టొద్దు. మా దగ్గర ఒకాయన అట్లనే కట్టి సర్టిఫికెట్ తెచ్చుకున్నాడు. అది దొంగదని తేలాక పాస్‌పోర్టు ఆగిపోయింది, కేసు అన్నారు. అప్పు తెచ్చి ఏజెంటుకు కట్టిన వీసా డబ్బులూ పోయాయి.

సంఘం అక్క
ఇంకో మాట. ఆ గ్యారంటీవాళ్ళు ఎక్కువగా వెతుక్కుంటూ వచ్చేది ఆడవాళ్ళ దగ్గరికే. "నీకు రాదులే అమ్మా, మేం చూసుకుంటాం" అంటారు. నాకు రాదని ఎందుకనుకుంటున్నారు? ఆదివారం తరగతికి పోవడానికి ఇంట్లో ఒప్పుకోవడమే అసలు కష్టం. మేము నలుగురం కలిసి పోయేవాళ్ళం కాబట్టి ఎవరి ఇంట్లోనూ గట్టిగా కాదనలేకపోయారు. సార్ రాని ఆదివారం మేమే పుస్తకం తెరిచి ఒకరికొకరం చదివి వినిపించుకునేవాళ్ళం.

సూటిగా అడుగుతా
అక్కా, సార్, మీరు చెప్పింది చదివాను. అయితే ఇదంతా ఆ మనిషి, ఆమె పట్టుదల మీదే వదిలేస్తే ఎట్లా? సీడు పత్తి కోసం పిల్లలను బడి మాన్పించిన కంపెనీలు, చూసీ చూడనట్టు ఊరుకున్న ప్రభుత్వం, వీళ్ళ బాధ్యత ఏం లేదా? ఇప్పుడు రాత్రిళ్ళు కూర్చుని చదవాల్సింది మళ్ళీ ఆ పిల్లేనా?

పాత బడి సార్
ఈ మాటతో నేను పూర్తిగా ఏకీభవిస్తాను. జనాభా లెక్కల్లో ఏడేళ్ళు దాటినవాళ్ళు ఏదో ఒక భాషలో అర్థం చేసుకుంటూ చదవడం రాయడం వస్తే చాలు, అక్షరాస్యుల కింద లెక్కే. బడికి పోయి ఉండాలని కూడా లేదు. ప్రభుత్వాలు ఆ సంఖ్య చూసుకునే పథకాలు వేస్తాయి. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో మాత్రం పదేళ్ళు, అంతకంటే ఎక్కువ చదివిన ఆడవాళ్ళ శాతం విడిగా ఇస్తారు. 2019-21 సర్వేలో తెలంగాణలో అది 45.5, ఆంధ్రప్రదేశ్‌లో 39.6. కేరళలో 77. 15 నుంచి 49 ఏళ్ళ ఆడవాళ్ళ సంగతి ఇది, ముసలివాళ్ళు ఇందులో లేరు. రాష్ట్ర సగటే ఇట్లా ఉంటే, అక్షరాస్యతలో అట్టడుగున ఉన్న మన జిల్లా సంగతి వేరే చెప్పాలా.

కనీసం ప్రతి పెద్ద ఊళ్ళోనూ ఒక తరగతి గది, వారానికి రెండు సాయంత్రాలు ఒక టీచరు, దగ్గర్లోనే పరీక్షా కేంద్రం ఇవ్వొచ్చు. ఊరి బడి సాయంత్రం ఖాళీగానే ఉంటుంది. టీచరుకు ఆ గంటలకు గౌరవంగా డబ్బు ఇవ్వాలి. చేలో క్రాసింగ్ సాగే నెలల్లో తరగతులు పెట్టకుండా, పత్తి తీతలు అయ్యాక పెట్టాలి. మా ఉద్యోగ కాలంలో ఇవన్నీ రాసి పైకి పంపాం. ఇప్పుడు మళ్ళీ రాస్తాను. సంతకాలు పెట్టేవాళ్ళుంటే నాకు మెసేజ్ చేయండి.

సూటిగా అడుగుతా
నా సంతకం రాసుకోండి సార్.

పాలమూరు మేస్త్రి
నాది కూడా. మా అడ్డా మీద ఇంకో పది మందిని ఇప్పిస్తా.

నడిగడ్డ బిడ్డ
అందరికీ చాలా థ్యాంక్స్. వదినకు ఫోన్లో మొత్తం చదివి వినిపించాను. లెక్కలు, ఇంగ్లీషు రెండూ పెట్టుకుంటానంది. తెలుగు, సోషల్, హోమ్ సైన్స్ మిగతావి. మా అన్న మొదట ఏం మాట్లాడలేదు. తర్వాత ఆదివారం బండి మీద తనే దించి వస్తానన్నాడు. ఒక చిక్కొచ్చింది. ఆధార్‌లో ఆమె పుట్టిన తేదీ జనవరి 1 అని ఉంది, కార్డు తీసినప్పుడు ఎవరో రాసేశారు. బడి రికార్డులో వేరే ఉంటుంది. ఏది పెట్టాలి?

సంఘం అక్క
మా సంఘంలో సగం మందికి ఆధార్‌లో జనవరి 1నే ఉంది తమ్ముడూ. ముందు ఆమె చదివిన ఊరి బడికి పోయి రికార్డు షీట్ తీయించండి. అడ్మిషన్ రిజిస్టర్‌లో పుట్టింటి ఇంటిపేరు మీద వెతకమనండి, అత్తగారి ఇంటిపేరు చెబితే దొరకదు. అది చేతికొచ్చాక ఆధార్ సరిచేయించడానికి అది పనికొస్తుందో లేదో ఆధార్ కేంద్రంలో అడగండి, రెండు తేదీలూ ఒకటయ్యాకే ఓపెన్ స్కూల్ దరఖాస్తు పెట్టండి. సర్టిఫికెట్ మీద ఒకసారి పడిన తేదీని మార్పించడం చాలా కష్టం. షీట్ తీసుకునేటప్పుడు పేరులో అక్షరాలు కూడా ఆధార్‌తో సరిపోయాయా లేదా అక్కడే, హెడ్‌మాస్టర్ ముందరే చూసుకోమనండి.